నెట్‌లో చూసినా టీవీ లైసెన్సు కట్టాలా?

చదువు కోసమో ఉద్యోగం కోసమో బ్రిటన్ వెళ్లి, ఇల్లు అద్దెకు తీసుకున్న మనవాళ్లకు కొద్ది రోజుల్లోనే ఒక ఉత్తరం వస్తుంది. దాని మీద పేరుండదు. ఆ చిరునామాలో ఎవరుంటే వారికి అన్నట్టుగా ఉంటుంది. ఈ ఇంటికి టీవీ లైసెన్సు లేదు, తనిఖీకి మనిషి రావచ్చు అన్నది అందులోని సారాంశం. చూస్తే ఇంట్లో టీవీయే లేదు. ఉన్నదల్లా ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను. కొందరు భయపడి వెంటనే డబ్బు కట్టేస్తారు. మరికొందరు టీవీ లేనివాళ్లకు లైసెన్సేమిటని ఉత్తరం చించి పారేస్తారు. ఇద్దరిలో ఎవరు చేసింది సరైన పనో తెలియాలంటే వాళ్లు ఆ ల్యాప్‌టాప్‌లో ఏం చూస్తున్నారో తెలియాలి. ఈ సంగతులు ముందే తెలిసుంటే అనవసరపు ఖర్చూ ఉండదు, కోర్టు గొడవా ఉండదు.

సెట్టుకు కాదు, చూపుకు

బ్రిటన్‌లో టీవీ లైసెన్సు టీవీ సెట్టు కొన్నందుకు కట్టేది కాదు. ఇంట్లో నాలుగు సెట్లున్నా ఒకటే లైసెన్సు. ఒక్క సెట్టూ లేకపోయినా కట్టాల్సి రావచ్చు. చట్టం పట్టించుకునేవి రెండే పనులు. ఒకటి, ఏ చానల్ కార్యక్రమాన్నయినా అది ప్రసారమవుతున్న వేళలోనే చూడడం, లేదా రికార్డు చేసుకోవడం. రెండోది, బీబీసీ కార్యక్రమాలను నెట్‌లో చూపే ఐప్లేయర్ వాడడం. ఐప్లేయర్‌లో ఎప్పటిదో పాత కార్యక్రమం చూసినా లైసెన్సు ఉండాల్సిందే.

ఈ రెండిట్లో ఏదీ చేయనివారు రాత్రింబవళ్లు తెర ముందు కూర్చున్నా ఒక్క పెన్నీ కట్టనక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్, డిస్నీ ప్లస్, అమెజాన్ ప్రైమ్ వీడియోల్లో సినిమాలు, సిరీస్‌లు, ఐటీవీఎక్స్‌లో నిన్న ప్రసారమైపోయిన సీరియల్, యూట్యూబ్‌లో పెట్టిన వీడియో, డీవీడీ, వీడియో గేమ్, రేడియో ఇవన్నీ లైసెన్సు పరిధికి బయట ఉన్నవే. గోడకు పెద్ద టీవీ తగిలించుకుని దాంట్లో కేవలం నెట్‌ఫ్లిక్స్ సినిమాలే చూసే ఇంటికి లైసెన్సు అవసరం లేదు. పక్కింట్లో టీవీ లేకుండా, ఫోనులో వార్తా చానల్ లైవ్ చూసే మనిషికి మాత్రం అవసరం.

ఎంత కట్టాలి? 2025 ఏప్రిల్‌తో మొదలైన ఏడాదికి 174 పౌండ్ల 50 పెన్సులు ఉండేది. అంతకు ముందు ఏడాది 169 పౌండ్ల 50 పెన్సులు, దానికి ముందు కొన్నేళ్లు 159 పౌండ్లు. దేశంలో అమల్లో ఉన్న లైసెన్సులు సుమారు 2 కోట్ల 40 లక్షలు. బీబీసీ ప్రధాన ఆదాయం ఇదే.

నెట్‌ఫ్లిక్స్‌కు అక్కర్లేదన్న మాట నిన్నటిది

చాలాకాలం ‘నెట్‌ఫ్లిక్స్ ఒక్కటే చూస్తాం, మాకు లైసెన్సెందుకు’ అన్నవారి మాట చెల్లింది. ఇప్పుడు అది పూర్తిగా నిజం కాదు. 2024 నవంబరులో జేక్ పాల్, మైక్ టైసన్‌ల బాక్సింగ్ పోటీని నెట్‌ఫ్లిక్స్ ప్రపంచమంతటా ప్రత్యక్షంగా చూపింది. 2025 జనవరి నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ రా కుస్తీ పోటీలు వారం వారం దాంట్లోనే లైవ్‌గా వస్తున్నాయి. ఇలాంటివి జరుగుతున్నప్పుడే చూడాలంటే బ్రిటన్‌లో లైసెన్సు కావాలి. అదే పోటీని మర్నాడు పొద్దున తీరిగ్గా చూసుకుంటే అక్కర్లేదు. అదే ఖాతా, అదే తెర, అదే పోటీ. తేడా కొన్ని గంటలు మాత్రమే. అమెజాన్ ప్రైమ్ వీడియోలో వచ్చే ప్రత్యక్ష ఆటలకూ ఇదే లెక్క. నెలనెలా ఆ సంస్థకు చందా కడుతున్నాం కదా అన్న సమాధానం చెల్లదు. అది వ్యాపారికి కట్టే చందా, ఇది చట్టం విధించిన రుసుము.

అన్నట్టు, బ్రిటన్ గణాంక శాఖ 2006లో ఈ రుసుమును లెక్కల్లో సేవా రుసుము జాబితా నుంచి తీసి పన్నుల జాబితాలో చేర్చింది.

తెలుగు చానల్ చూసినా?

చూసినా కట్టాల్సిందే. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో కూర్చుని హైదరాబాద్ వార్తా చానల్‌ను యూట్యూబ్‌లో లైవ్ పెట్టుకున్నా లైసెన్సు ఉండాలి. బీబీసీని ఏడాది పొడుగునా ఒక్క నిమిషం చూడకపోయినా ఇందులో మార్పు లేదు. చానల్ ఏ దేశానిది, ఏ భాషది, డిష్ ద్వారా వచ్చిందా నెట్ ద్వారా వచ్చిందా అన్న వివరాలతో చట్టానికి పని లేదు. ఎన్నికల ఫలితాల రోజు పొద్దున్నుంచీ మన చానల్ లైవ్ తెరిచి పెట్టుకునే తెలుగువాళ్లు అక్కడ బోలెడంతమంది. వారిలో చాలామందికి అది లైసెన్సు అవసరమైన పని అన్న ఊహ కూడా రాదు. అదే చానల్‌వారు ఆ తర్వాత ముక్కలుగా పెట్టే వీడియోలు చూసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

మరి తెనాలిలో జరుగుతున్న మేనత్త కూతురి పెళ్లిని ఫొటోగ్రాఫర్ పంపిన లింకులో లైవ్ చూస్తే? దానికి అక్కర్లేదు. బంధువులకు లింకు పంపి చూపించే పెళ్లి టీవీ కార్యక్రమం కిందికి రాదు. వీడియో కాల్ కూడా అంతే. నిశ్చింతగా తలంబ్రాలు చూడవచ్చు.

కాసేపు ఆపి చూస్తే లైవ్ కానట్టేనా?

ఈ ఉపాయం చాలామందికి తడుతుంది. చట్టం రాసినవాళ్లకు ముందే తట్టింది. 2004 నాటి నిబంధనల్లో ‘అదే సమయంలో, లేదా దాదాపు అదే సమయంలో’ అందుకున్న కార్యక్రమం అన్న అర్థం వచ్చేలా రాశారు. నెట్ ద్వారా వచ్చే ప్రసారం యాంటెన్నా ద్వారా వచ్చేదానికంటే కొన్ని క్షణాలు వెనకబడుతుంది. ఆ వెనకబాటు లెక్కలోకి రాదు. లైవ్‌ను నాలుగు నిమిషాలు ఆపి, టీ పెట్టుకుని వచ్చి, అక్కణ్నుంచి చూసినా అది లైవే. ఉన్న చానల్‌నే గంట ఆలస్యంగా తిప్పి వేసే ‘ప్లస్ వన్’ చానళ్లు బ్రిటన్‌లో కొన్ని ఉన్నాయి. వాటికీ లైసెన్సు కావాలి.

ఐప్లేయర్ సందు ఎలా మూసుకుంది

బీబీసీ ఐప్లేయర్‌ను 2007 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున ప్రారంభించింది. అప్పటి చట్టం ప్రకారం ప్రసారం అయిపోయిన కార్యక్రమాన్ని తర్వాత చూస్తే లైసెన్సు అక్కర్లేదు. అంచేత లక్షణంగా బీబీసీ కార్యక్రమాలన్నీ ఒక గంట ఆగి ఐప్లేయర్‌లో చూసుకుంటూ, బీబీసీకి ఒక్క పెన్నీ కట్టకుండా ఉండే వీలు దాదాపు తొమ్మిదేళ్లు నడిచింది. అందులో చట్టవిరుద్ధమేమీ లేదు. 2016 సెప్టెంబరు 1 నుంచి నిబంధన మార్చి ఆ సందు మూసేశారు. మార్పు ఐప్లేయర్ ఒక్కదానికే పరిమితం. ఐటీవీ, చానల్ 4ల పాత కార్యక్రమాలకు ఇప్పటికీ లైసెన్సు అక్కర్లేదు. ఆ మరుసటి ఏడాది నుంచి ఐప్లేయర్ చూడాలంటే ఖాతా తెరిచి లాగిన్ కావడం తప్పనిసరి చేశారు.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు. వెల్ష్ భాషా చానల్ ఎస్‌4సి కార్యక్రమాలు ఐప్లేయర్‌లో కూడా దొరుకుతాయి. ప్రసారం ముగిశాక వాటిని ఐప్లేయర్‌లో చూడడానికి లైసెన్సు అవసరం లేదు. అదే ఐప్లేయర్‌లో పక్కనున్న బీబీసీ నాటకం ముట్టుకుంటే అవసరం.

బ్యాటరీ మీద నడిస్తే ఒకలా, ప్లగ్గు పెడితే ఒకలా

విద్యార్థులు చెవిన వేసుకోవలసిన విచిత్ర నిబంధన ఇది. హాస్టల్‌లో ఉంటున్న విద్యార్థి ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో లైవ్ చూస్తున్నాడనుకుందాం. అతని తల్లిదండ్రుల ఇంటికి లైసెన్సు ఉంటే అదే అతనికీ వర్తిస్తుంది. కానీ ఒక షరతు. ఆ ఫోను చూస్తున్నంతసేపూ తన సొంత బ్యాటరీ మీదే నడవాలి. ప్లగ్గులో పెట్టి చార్జింగ్ చేస్తూ చూస్తే ఆ వెసులుబాటు పోతుంది, ఆ గదికి విడిగా లైసెన్సు కావాలి. ఊళ్లు తిరిగేవారు చేతిలో పట్టుకెళ్లే చిన్న టీవీల కోసం పుట్టిన నియమం ఫోన్ల కాలంలోనూ అలాగే నిలిచిపోయింది.

సీనియర్లు జూనియర్లకు ‘బ్యాటరీ మీద చూసుకో, ఏం కాదు’ అని సలహా ఇస్తుంటారు. మన పిల్లల విషయంలో ఆ సలహా పనికిరాదు. ఆ వెసులుబాటుకు ఆధారం తల్లిదండ్రుల ఇంటికి ఉన్న బ్రిటిష్ లైసెన్సు. వరంగల్‌లోనో గుంటూరులోనో ఉన్న అమ్మానాన్నల ఇంటికి అది ఎక్కణ్నుంచి వస్తుంది? లీడ్స్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడికి దక్కే మినహాయింపు, అదే హాస్టల్‌లో పక్క గదిలో ఉన్న మన అమ్మాయికి దక్కదు. కాబట్టి ఇండియా నుంచి వెళ్లిన విద్యార్థి లైవ్ చూడాలంటే తన గదికి లైసెన్సు తీసుకోవాలి, లేదంటే లైవ్ జోలికి పోకూడదు. హాస్టల్ హాల్లో అందరూ కూర్చుని చూసే టీవీకి యాజమాన్యం లైసెన్సు తీసుకుంటే అది ఆ హాలు వరకే, గదులకు వర్తించదు.

నలుగురు కలిసి ఒకే ఇంట్లో అద్దెకుంటే అద్దె కాగితం చూసుకోవాలి. నలుగురి పేర్లతో ఒకటే ఉమ్మడి ఒప్పందమైతే ఇంటికంతటికీ ఒక లైసెన్సు చాలుతుంది, తలా కొంత వేసుకోవచ్చు. ఒక్కో గదికి ఒక్కో ఒప్పందం రాసుకుని ఉంటే ఏ గదికి ఆ గదే విడి ఇల్లు. మామూలుగా ఇల్లు వెతికేటప్పుడు అద్దె, బస్‌స్టాపు, ఇండియన్ దుకాణం ఎంత దూరమో చూస్తారు. ఈ చిన్న విషయం కూడా అప్పుడే అడిగి తెలుసుకుంటే మంచిది.

తలుపు తట్టిన మనిషికి ఉన్న అధికారం ఎంత?

తనిఖీకి వచ్చిన వ్యక్తి పోలీసు కాదు. కోర్టు ఇచ్చిన సోదా వారంటు లేకుండా ఇంట్లోకి అడుగు పెట్టే హక్కు అతనికి లేదు. మీరు రమ్మంటేనే లోపలికి రావాలి. లైసెన్సు అవసరం లేనివారు ఆ మాట ఆన్‌లైన్‌లో తెలియజేసే ఏర్పాటుంది. చెప్పి ఊరుకుంటే ఉత్తరాలు కొంతకాలం ఆగుతాయి. భయపడి డబ్బు కట్టడం కంటే, ఉత్తరం చించి పారేయడం కంటే ఇది మేలైన దారి.

లైసెన్సు లేకుండా లైవ్ చూడడం నేరమే. జరిమానా 1,000 పౌండ్ల దాకా ఉండవచ్చు, పైన కోర్టు ఖర్చులు. చూసినందుకు జైలు శిక్ష లేదు. కోర్టు వేసిన జరిమానాను కావాలని ఎగ్గొడితే మాత్రం జైలు దాకా వెళ్లవచ్చు.

ఈ కేసుల లెక్కల్లో మనసును కలిచివేసే అంశం ఒకటుంది. కొన్ని సంవత్సరాల్లో శిక్షపడినవారిలో దాదాపు ముప్పావు వంతు ఆడవాళ్లే. ఆడవాళ్లు ఎక్కువ టీవీ చూస్తారని కాదు. తనిఖీ మనిషి వచ్చే వేళకు ఇంట్లో ఉండేది, తలుపు తీసేది ఎక్కువగా వాళ్లే. లైసెన్సు ఇంటికి సంబంధించినదే అయినా కేసు మాత్రం తలుపు తీసి మాట్లాడిన మనిషి మీద పడుతుంది. పిల్లలతో ఒంటరిగా బతుకుతున్న పేద తల్లులు ఇందులో చాలామంది. ఇలాంటి కేసుల్ని ఒకే మెజిస్ట్రేటు కాగితాలు చూసి తేల్చేసే పద్ధతి 2015లో వచ్చింది. చాలా కేసుల్లో నిందితురాలు కోర్టులో నిలబడి నోరు విప్పే సందర్భమే రాకుండా తీర్పు వెలువడుతుంది. టీవీ చూసినందుకు ఒక మనిషిని నేరస్థురాలిగా ముద్ర వేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. కరెంటు బిల్లు కట్టకపోతే బాకీ అంటారు గానీ నేరం అనరు. దీన్నీ అలాగే బాకీగా చూడాలన్న వాదన అక్కడ ఏళ్ల తరబడి నడుస్తోంది. ప్రభుత్వాలు పరిశీలించాయి, మార్చలేదు.

వీధుల్లో తిరిగిన వ్యాన్లు

1952లో బ్రిటన్ వీధుల్లోకి విచిత్రమైన వ్యాన్లు వచ్చాయి, నెత్తిన యాంటెన్నాలతో. ఏ ఇంట్లో టీవీ నడుస్తోందో బయటి నుంచే పసిగట్టడం వాటి పని. ఆ కాలపు టీవీ సెట్టు ప్రసారాన్ని అందుకునేటప్పుడు లోపలి సర్క్యూటు నుంచి స్వల్పంగా రేడియో తరంగాలు బయటికి లీకయ్యేవి. వ్యాను వాటిని పట్టుకునేది. ఇవాళ ఒక ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నడుస్తున్నది లైవ్ మ్యాచో నిన్నటి సినిమానో ఆ పద్ధతిలో పట్టుకోవడం కుదరని పని.

టీవీ కొన్నవారి పేరూ చిరునామా దుకాణదారు అధికారులకు పంపాలన్న నియమం కూడా ఉండేది. 1967 చట్టంతో వచ్చిన ఆ నియమాన్ని 2013లో రద్దు చేశారు. తెరలు జేబుల్లోకి వచ్చేశాక దానికి అర్థం లేకుండా పోయింది.

పది షిల్లింగుల నుంచి

1922లో బీబీసీ పుట్టినప్పుడు లైసెన్సు రేడియోకు. ఏడాదికి పది షిల్లింగులు, అంటే అర పౌండు. టీవీ లైసెన్సు 1946 జూన్‌లో వచ్చింది. యుద్ధం మొదలవుతూనే 1939లో ఆపేసిన టీవీ ప్రసారాల్ని తిరిగి మొదలుపెట్టిన నెల అది. రుసుము రెండు పౌండ్లు. 1947 మార్చి నాటికి తీసుకున్నవారు 14,560 మంది. రంగుల టీవీకి విడి లైసెన్సు 1968లో వచ్చింది. రేడియో లైసెన్సును 1971లో ఎత్తేశారు. అప్పట్నుంచి రేడియో ఉచితమే.

బ్లాక్ అండ్ వైట్ టీవీకి తక్కువ రుసుముతో వేరే లైసెన్సు ఇప్పటికీ ఉంది. 2025 ఏప్రిల్‌తో మొదలైన ఏడాదికి అది 58 పౌండ్ల 50 పెన్సులు ఉండేది. ఇప్పటికీ కొన్ని వేల మంది దాన్నే తీసుకుంటున్నారు. కాకపోతే ఆ సెట్టుకు ప్రసారాల్ని రికార్డు చేసే డిజిటల్ పెట్టె తగిలిస్తే రంగుల లైసెన్సే తీసుకోవాలి. తెర నలుపు తెలుపైనా పెట్టె లోపల రికార్డయ్యేది రంగుల్లోనే మరి.

75 ఏళ్లు దాటినవారందరికీ 2000లో మొదలైన ఉచిత లైసెన్సు 2020 ఆగస్టు నుంచి ఆగిపోయింది. ఇప్పుడు ఆ వయసువారిలో పెన్షన్ క్రెడిట్ అందుకునే తక్కువ ఆదాయం వారికే ఉచితం. అంధులకు సగం రుసుము. పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే స్థిరపడిన పెద్దవాళ్లున్న ఇళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

మన పోస్టాఫీసు రోజులు

లైసెన్సు మాట వింటే అరవై దాటిన తెలుగు పాఠకులకు కొత్తగా ఏమీ అనిపించదు. మన దగ్గరా రేడియోకు లైసెన్సు పుస్తకం ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకునేవారు. 1970ల్లో రేడియోకు ఏడాదికి 15 రూపాయలు, టీవీకి 50. లైసెన్సు లేకుండా రేడియో ఉంచుకోవడం నేరమని 1933లోనే చట్టం చేశారు. దానికి ముందు 1927లో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ఈ లైసెన్సు రాబడినే నమ్ముకుని, అది చాలక 1930లో మూతపడింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు తొలి సెట్లు కొన్న కుటుంబాలూ ఈ లైసెన్సు తీసుకున్నవే. 1980ల మధ్యలో ప్రభుత్వం ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. ఇవాళ మనం కేబుల్‌కో డీటీహెచ్‌కో ఓటీటీకో కట్టేది ఆయా సంస్థలకు వెళ్లే చందా. ప్రసారభారతి 2024 నవంబరులో ‘వేవ్స్’ పేరుతో సొంత ఓటీటీ తెచ్చింది. ఇండియాలో దాన్ని లైవ్ చూసినా, తర్వాత చూసినా లైసెన్సు ప్రశ్నే తలెత్తదు.

పెట్టె మాయమైతే వేరే దేశాలేం చేశాయి?

టీవీ అనే పెట్టె మాయమైపోయి ప్రసారం ఫోనులోకి వచ్చేసరికి రుసుము దేని మీద వేయాలన్న చిక్కు యూరప్ అంతటా వచ్చింది. ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

అందరికంటే తెగించింది జర్మనీ. 2007లో నెట్ ఉన్న కంప్యూటర్‌కూ రుసుము వేసి చూశారు. ఏ ఇంట్లో ఏముందో ఆరా తీయడం ఎంత తలనొప్పో తెలిసొచ్చాక 2013 జనవరి నుంచి ఆ గొడవే వదిలేశారు. టీవీ ఉన్నా లేకపోయినా, చూసినా చూడకపోయినా ప్రతి ఇంటికీ ఒక రుసుము. 2021 నుంచి నెలకు 18.36 యూరోలు, మూడు నెలలకు కలిపి 55 యూరోల పైచిలుకు. ఊళ్లో చిరునామా నమోదు చేసుకోగానే ఉత్తరం వస్తుంది. మ్యూనిక్, బెర్లిన్ వెళ్లిన తెలుగు విద్యార్థులు దాన్ని మోసపు ఉత్తరం అనుకుని పక్కన పడేయడం, బాకీ పెరిగిపోయాక లబోదిబోమనడం తరచూ జరిగేదే. అది అసలైన ఉత్తరమే. ఫ్లాటుకు ఒకటే రుసుము కాబట్టి, కలిసి ఉంటున్నవారిలో ఒకరు కడుతుంటే మిగతావారు ఆ నంబరు తెలియజేస్తే చాలు. 2018లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఈ పద్ధతి చాలావరకు సరైనదేనంది. రెండో ఇల్లున్న మనిషి దగ్గర రెండుసార్లు వసూలు చేయడం మాత్రం తప్పని తేల్చింది.

స్వీడన్ కథ కోర్టులో మలుపు తిరిగింది. అక్కడి ప్రభుత్వ టీవీ తన చానళ్లన్నిటినీ నెట్‌లో పెట్టడంతో, 2013లో కంప్యూటర్లున్నవారినీ రుసుము కట్టమన్నారు. 2014లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం కంప్యూటర్ టీవీ సెట్టు కాదని తీర్పిచ్చింది. 2019లో లైసెన్సును తీసేసి, ఆదాయాన్ని బట్టి మనిషికింత అని పన్నుతో కలిపి వసూలు చేయడం మొదలుపెట్టారు. ఫిన్లాండ్ ఈ దారి 2013లోనే పట్టింది. నార్వే, డెన్మార్క్ కూడా లైసెన్సులు వదిలేశాయి.

ఐర్లండ్ నియమం బ్రిటన్ నియమానికి తలకిందులు. అక్కడ 160 యూరోల లైసెన్సు టీవీ సెట్టుకే. ల్యాప్‌టాప్‌లో, ఫోనులో లైవ్ చూసినా కట్టక్కర్లేదు. అదే నెట్‌ఫ్లిక్స్ మాత్రమే చూసే టీవీకి కట్టాలి, చివరికి చెడిపోయి మూలన పడున్న టీవీకి కూడా. కాబట్టి బ్రిటన్ కిందికి వచ్చే బెల్‌ఫాస్ట్‌లో తెలుసుకున్న నియమం రెండు గంటల రైలు ప్రయాణం చేసి డబ్లిన్‌లో దిగేసరికి పనికిరాదు.

ఇటలీ 2016లో ఈ రుసుమును కరెంటు బిల్లులో కలిపేసింది. ఎగవేత ఎంతగా తగ్గిందంటే 113.50 యూరోల రుసుమును ముందు 100కు, తర్వాత 90కి దించగలిగారు. ఫ్రాన్స్ 2022లో 138 యూరోల రుసుమును పూర్తిగా ఎత్తేసింది.

జపాన్‌లో ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రసారాలను అందుకోగల సాధనం ఇంట్లో ఉంటే ఆ సంస్థతో ఒప్పందం చేసుకుని డబ్బు కట్టాలి. టీవీ ట్యూనర్ ఉన్న ఫోనుకూ ఇది వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. 2021 చివర్లో డాన్ కిహోటే అనే దుకాణాల గొలుసు అసలు ట్యూనరే లేని టీవీలు అమ్మకానికి పెట్టింది. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ వస్తాయి, చానళ్లు రావు, రుసుమూ లేదు. జనం ఎగబడి కొన్నారు. 2025 అక్టోబరు నుంచి ఎన్‌హెచ్‌కే తన నెట్ సేవనూ రుసుము కిందికి తెచ్చింది. ఫోను ఉన్నంత మాత్రాన కట్టనక్కర్లేదు, ఆ సేవ వాడడం మొదలుపెట్టినవారే కట్టాలి.

అమెరికాలో టీవీ లైసెన్సు ఎన్నడూ లేదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య ‘అదంతా ఎవరూ కట్టరు’ అని లండన్‌లో ఉన్న తమ్ముడికి ఫోనులో చెప్పే ధైర్యం అక్కణ్నుంచి వస్తుంది. అన్నయ్య మాట డాలస్‌కే చెల్లుతుంది.

వీటన్నిటిలో ఏది మేలు? బ్రిటన్ పద్ధతిలో చూడనివాడికి కట్టకుండా ఉండే స్వేచ్ఛ ఉంది, అది గొప్ప సంగతే. కానీ లైవ్‌కూ కానిదానికీ మధ్య గీత గీసి, ఆ గీత దాటినవారిని వెతికి కోర్టుకు లాగడం పేదవాళ్ల మీదే భారంగా పడుతోంది. జర్మనీలో వెతుకులాట లేదు గానీ చూడని విద్యార్థి కూడా కట్టాలి. ఆదాయాన్ని బట్టి వసూలు చేసే స్వీడన్, ఫిన్లాండ్ దారి నాకు ఎక్కువ న్యాయంగా కనిపిస్తుంది. అక్కడ తలుపు తట్టే మనిషి అవసరమే లేదు.

ఈ డబ్బుకూ మన తెలుగుకూ చుట్టరికం

బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది. గుజరాతీ, మరాఠీ, పంజాబీ సేవలూ అదే రోజున వచ్చాయి. ఇలాంటి విదేశీ భాషల సేవలన్నీ భాగమైన బీబీసీ వరల్డ్ సర్వీసును 2014 వరకు బ్రిటన్ ప్రభుత్వం నేరుగా పోషించేది. 2014 నుంచి ఆ బరువు ప్రధానంగా లైసెన్సు రుసుము మీద పడింది. తెలుగు లాంటి కొత్త భాషల్ని చేర్చిన విస్తరణకు మాత్రం 2016 నుంచి ప్రభుత్వం విడిగా డబ్బిచ్చింది. 2024 నుంచి ఇండియాలోని బీబీసీ భాషా సేవల్ని కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ సంస్థ నడుపుతోంది. ఖమ్మంలో కూర్చుని తెలుగులో ఆ వార్తలు ఉచితంగా చదివేవారి వెనక ఎక్కడో ఒక బ్రిటన్ ఇంటివారు కట్టిన డబ్బు కొంత ఉంది.

బీబీసీకి అధికారమిచ్చే రాజశాసనం గడువు 2027 డిసెంబరు 31తో తీరిపోతుంది. లైసెన్సును ఇలాగే ఉంచాలా, నెట్‌లో చూసేవారందరికీ విస్తరించాలా, చందాగా మార్చాలా, పన్నులో కలిపేయాలా అన్న చర్చ బ్రిటన్‌లో గట్టిగానే నడుస్తోంది. అది తేలేదాకా ఇప్పటి నియమమే నియమం.

కట్టినవారికి చివరగా ఒక మాట. చదువు ముగించుకుని ఇండియాకు తిరిగొచ్చే పిల్లలు చాలామంది లైసెన్సు సంగతి మరిచిపోయి విమానం ఎక్కేస్తారు. గడువింకా మిగిలి ఉంటే వాడని నెలలకు డబ్బు వెనక్కి ఇస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. బ్యాంకు ఖాతా మూసేయక ముందే పెట్టుకోవాలి, నెలనెలా బ్యాంకు నుంచి కోత పడుతుంటే దాన్నీ అప్పుడే ఆపించుకోవాలి.